అరువు నోరు

ఫోన్‌లో ఆ పేరు చూసేసరికి ప్రమోద చేతిలో గరిటె ఆగిపోయింది. పోపులో ఆవాలు చిటపటలాడి, నల్లబడి, పొగ లేచేదాకా ఆమె కదల్లేదు.

ఏజెన్సీ యాప్ పంపిన పని అది. గురువారం ఉదయం పదిన్నర. భాష తెలుగు. పేషెంట్ పేరు వసంతలక్ష్మి, వయసు నలభై నాలుగు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, ఆపరేషన్ గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. ఇంటర్‌ప్రెటర్ స్వయంగా రావాలి. డాక్టర్ పేరు శ్రీవత్స.

స్టవ్ ఆపి, మూకుడు సింకులో పడేసి, తడిచేయి చున్నీకి తుడుచుకుంది. పదకొండేళ్ళుగా ఆమె న్యూజెర్సీ ఆస్పత్రుల్లో ఇంగ్లీషు డాక్టర్లకూ తెలుగు పేషెంట్లకూ మధ్య నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతోంది. డాక్టర్‌తో ఏ మాత్రం సొంత సంబంధం ఉన్నా ఆ పనినుంచి తప్పుకోవాలి. కొత్తగా చేరేవాళ్ళకి ఆ పాఠం చెప్పేది కూడా ఆమే.

శ్రీవత్సతో ఆమెకున్నదాన్ని ఏ సంబంధం అనాలో ఆ పాఠంలో లేదు. పధ్నాలుగు నెలల కిందట అతను ఆమె పొట్టకు నాలుగు చిల్లులు పెట్టి, రోబో చేతులతో గర్భసంచి తీశాడు. తీసేటప్పుడు ఎడమ కిడ్నీనుంచి దిగే గొట్టాన్ని కాల్చాడు.

‘ఒప్పుకుంటున్నాను’ అన్న బటన్ నొక్కింది.

రాత్రి అన్నం దగ్గర భర్త రాజగోపాల్‌కి చెప్పింది. అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

“కాన్సిల్ చెయ్యి.”

“చెయ్యను.”

“ఇద్దరు లాయర్లు చూసి కేసు నిలబడదన్నారు. ఆస్పత్రివాళ్ళు మా తప్పేం లేదని లెటరిచ్చారు. అయిపోయింది ప్రమోదా.”

“మీకు అయిపోయింది.”

“వెళ్ళి ఏం చేస్తావు? కొడతావా?”

“నా పని నేను చేసుకొస్తాను. మీరు తినండి.”

ఏం చెయ్యాలో ఆమెకు అప్పటికే తెలుసు. అతని చేతికి దొరకబోయే ఒక్క మనిషిని, ఒక్కర్ని, అతని ముందునుంచే లాగెయ్యాలి. అతని ఎదురుగానే, అతనికి తెలియకుండా.

*

గురువారం పావుగంట ముందే క్లినిక్‌కి వెళ్ళింది. ఏ భవనంలోకి వెళ్ళినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవడం ఇప్పుడు ఆమెకు అలవాటు. రెండో ఆపరేషన్‌లో గొట్టం అతికినా ఒంటికి కారిపోతుందేమోనన్న భయం పోలేదు. భుజాన సంచిలో నోట్‌బుక్, రెండు పెన్నులు, వాటి అడుగున మడతపెట్టిన ప్యాంటు, ప్లాస్టిక్ కవర్.

వసంతలక్ష్మి తన కుర్చీలో తువ్వాలు పరిచి దానిమీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి. పెదవులు పాలిపోయి గోధుమపిండి రంగులో ఉన్నాయి. పక్కన భర్త రంగయ్య రిపోర్టుల ఫైలు ఒళ్ళో పెట్టుకుని, దాని మూలలు సాపు చేస్తున్నాడు. ఆ తువ్వాలు ఎందుకో ప్రమోదకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

“ఏ ఊరక్కా మీది?” అంది వసంతలక్ష్మి.

“తెనాలి.”

“మాది జగిత్యాల దిక్కు. మా అక్క గ్రీన్‌కార్డుకు పిటిషన్ ఏసి పిలిపించింది. ఓక్‌ట్రీ రోడ్డుల పిండివంటల దుక్నం లేదా, నేను దాని ఎనక వంటల్ల. ఈయన ముంగటి హోటల్ల.”

గదిలోకి వెళ్ళాక ప్రమోద ఎప్పుడూ చెప్పే నాలుగు మాటలు చెప్పింది. “డాక్టర్‌గారు అన్నదంతా నేను మీకు చెబుతాను. మీరన్నదంతా ఆయనకి చెబుతాను. ఏదీ కలపను, ఏదీ దాచను. నేను ‘నాకు నొప్పిగా ఉంది’ అని ఇంగ్లీషులో అంటే అది మీ నొప్పి, నాది కాదు.”

వసంతలక్ష్మి నవ్వింది. “అంటె మీ నోరు మాకు అరువన్నట్టు.”

“అంతే.”

మామూలుగా ఆమె కుర్చీ పేషెంట్ భుజానికి కాస్త వెనకగా ఉంటుంది. డాక్టరూ పేషెంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి, మధ్యమనిషిని మర్చిపోవాలి. ఆ రోజు కుర్చీని ముందుకు లాక్కుంది. తలుపు తీయగానే అతనికి తనే కనబడాలి.

తలుపు తీసుకుని శ్రీవత్స వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. చేతులకు శానిటైజర్ రుద్దుకుంటూ, “నమస్తే ఆంటీ, నమస్తే అంకుల్” అన్నాడు. అతని తెలుగు అంతవరకే నడుస్తుంది. తర్వాత కళ్ళు ప్రమోద మీద పడ్డాయి. రెండు క్షణాలు ఆగాడు.

ఈ రెండు క్షణాల కోసమే ఆమె, పని ఒప్పుకున్న మంగళవారంనుంచి ఎదురుచూసింది. అతని మొహంలో రక్తం ఇంకిపోతుందనుకుంది. మాట తడబడుతుందనుకుంది.

“ఓ, హాయ్ ఆంటీ! బాగున్నారా? యూ లుక్ గ్రేట్!” అన్నాడు. స్టూల్ లాక్కుని కంప్యూటర్ వైపు తిరిగాడు.

ఆమె నోట్‌బుక్‌లో తేదీ రాసింది. పెన్ను కాగితాన్ని చీల్చింది.

గర్భసంచి ఐదునెలల కడుపంత పెరిగిందన్నాడు అతను. గడ్డల్లో పెద్దది బత్తాయంత ఉంది. రక్తం ఏడు పాయింట్లకు పడిపోయింది. పొట్ట కొయ్యక్కర్లేదు, నాలుగు చిన్న చిల్లులు చాలు. మర్నాడు ఇంటికి, పదిహేను రోజుల్లో పనికి. ప్రమోద ఒక్కొక్క వాక్యం అందుకుని తెలుగులో పెట్టింది. ఆమె గొంతు అద్దంలా పనిచేస్తోంది.

“రిస్కులు అన్ని ఆపరేషన్లకీ ఉండేవే,” అని ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు అతను. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, పక్కనున్న అవయవాలకు దెబ్బ తగలడం. చాలా అరుదు.

ఆమెకూ ఇదే చెప్పాడు, ఇదే వేగంతో. ఇంగ్లీషు వచ్చిన మనిషి కదా అని ఒక టచ్‌స్క్రీన్ ట్యాబ్లెట్ చేతికిచ్చి సంతకం పెట్టించుకున్నారు. వందలమందికి ఆ వాక్యాన్ని తెలుగులో విప్పి చెప్పిన మనిషి, తన వంతుకి చదవకుండా వేలితో గీత గీసింది.

“రక్తం పోవచ్చు. చీము పట్టొచ్చు. పక్కనున్న అవయవాలకు దెబ్బ తగలొచ్చు,” అంది ప్రమోద. అతను అన్నది అక్కడికి అయిపోయింది. ఆమె ఆగలేదు. “కిడ్నీనుంచి మూత్రం తెచ్చే గొట్టం కాలిపోవచ్చు. అది వెంటనే తెలీదు. నాలుగోరోజునుంచి కిందినుంచి నీళ్ళలా కారుతూ ఉంటుంది, ఆపుకుందామన్నా ఆగదు. వీపుకి చిల్లు పెట్టి సంచీ తగిలిస్తారు. మూడు నెలలు ఆ సంచీతోనే పడుకోవాలి. ఆ తర్వాత పొట్ట మొత్తం కోసి గొట్టం అతుకుతారు.”

వసంతలక్ష్మి చెయ్యి మెల్లగా వచ్చి పొట్ట మీద ఆగింది.

శ్రీవత్స కనుబొమలు ముడిచాడు. “సంచీ అంటే బ్యాగ్ కదా? నేను బ్యాగ్ అనలేదే.”

“మాట అర్థమయ్యేలా వివరించాను,” అంది ప్రమోద ఇంగ్లీషులో, అతని కళ్ళలోకి చూస్తూ.

అతను గోడ గడియారం చూశాడు. ఇంకో గదిలో ఇంకో పేషెంట్. ఇంకేం అడగలేదు. ప్రశ్నలున్నాయా అన్నాడు.

“ఆలోచించుకుంటం సారూ,” అంది వసంతలక్ష్మి. తువ్వాలు మడిచి, మడత లోపలివైపు కనబడకుండా సంచిలో పెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం యాప్ మోగింది. బుధవారానికి అనుకున్న రెండో అపాయింట్‌మెంట్‌ని పేషెంట్ రద్దు చేసుకుంది. ప్రమోద ఆ వాక్యాన్ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివింది. పధ్నాలుగు నెలల్లో మొదటిసారి కడుపునిండా భోంచేసింది.

*

శనివారం ఓక్‌ట్రీ రోడ్డుకి వెళ్ళింది. మిఠాయి కొనుక్కుందామని తనకు తాను చెప్పుకుంది. నిజానికి తను గెలుచుకున్నదాన్ని కళ్ళతో చూడాలనిపించింది. పేషెంట్లను బయట కలవకూడదన్న నియమం ఉంది. దుకాణంలోకి వెళ్ళకూడదని ఎక్కడా లేదు.

కౌంటర్ వెనక తలుపు తెరిచే ఉంది. లోపల నూనె పొగ, బెల్లం పాకం వాసన. వసంతలక్ష్మి అరిసెలు వత్తుతోంది. పాకంపిండి ఉండ తీసి, నూనె రాసిన కవరు మీద పెట్టి, మూడు వేళ్ళతో గుండ్రంగా తట్టి, ఎదురుగా ఉన్నామె మూకుట్లోకి జార్చడం. ఒక్కొక్కటి ఒక్కటే కొలత. నాలుగు అరిసెలకోసారి ఆగి, బల్ల అంచు పట్టుకుని తల వంచుకుంటోంది. పక్కన స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు. ఒకటి నోట్లో వేసుకుని కరకర నమిలి మళ్ళీ పిండిలో చెయ్యి పెడుతోంది. ముందొక ఏప్రన్, వెనక ఇంకొకటి తిప్పి కట్టుకుంది.

రక్తం లేనివాళ్ళు ఐసు నములుతారు. ఎందరో డాక్టర్లు ఎందరో పేషెంట్లను అడిగిన ప్రశ్న అది, ప్రమోద నోటితోనే.

వసంతలక్ష్మి తలెత్తి చూసింది. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కౌంటర్ దాకా నాలుగడుగులు. ఆ నాలుగడుగులకే ఆయాసపడింది.

“అక్కా! మీరు మంచిగ చెప్పిన్రు. లేకుంటె ఎర్రిదానిలెక్క సంతకం పెడుదును.”

“ఇంకో డాక్టర్‌ని చూసుకున్నారా?” అంది ప్రమోద. ఆ మాట అడగడానికే వచ్చింది.

“ఎవ్వల్నీ సూస్తలే. మా ఇన్సూరెన్సు కార్డుకు ఈ సారొక్కడే దొరికిండు. ఇంకొకామె ఉన్నదంట, ఆమె తానికి పోవాలంటె నాలుగు నెలలు ఆగాలె. ఇగ వద్దే వద్దు. సంచీ తగిలించుకొని ఈడ ఎట్ల నిలవడ్త? ఎవలన్న పనిల పెట్టుకుంటరా? ఈయన ఎవలితోనో నాటుమందు పొడి తెప్పిచ్చిండు. తాగుతున్న. పోతె పోత.”

“ఆపరేషన్ వద్దని నేను అనలేదు వసంతలక్ష్మిగారూ.”

“మీరనలే. మీ మొఖం అన్నది.”

లోపలినుంచి ఎవరో పిలిచారు. ఆమె వెనక్కి తిరిగింది. వెనక కట్టుకున్న ఏప్రన్ మీద అరచేతి వెడల్పున ముదురు మరక. ఆమెకు తెలియదు. ప్రమోద కౌంటర్ దాటి లోపలికి వెళ్ళి, ఆమె వెనక గోడలా నిలబడి, “బాత్రూమ్‌కి పదండి” అంది మెల్లగా. సంచి అడుగునుంచి తన ప్యాంటు తీసి ఇచ్చింది.

తలుపు బయట నిలబడ్డ ఐదు నిమిషాలూ ఆమెకు శ్రీవత్స మీది కోపం చల్లారలేదు. రెట్టింపైంది. అతని మీద విసిరిన రాయి అతని పక్కనుంచి పోయి ఈ మనిషికి తగిలింది. అతను ఈ పాటికి వేరే పేషెంట్‌ని ఆంటీ అని పిలుస్తూ ఉంటాడు. ఒక అపాయింట్‌మెంట్ ఖాళీ అయితే అతనికి దొరికేది పావుగంట విశ్రాంతి.

వసంతలక్ష్మి బయటికి వచ్చింది. ప్యాంటు పొడుగై కాళ్ళ దగ్గర మడతలు పడింది.

“మళ్ళీ అపాయింట్‌మెంట్ తీసుకోండి,” అంది ప్రమోద. “చేయించుకోమనీ చెప్పను, వద్దనీ చెప్పను. అడగాల్సినవన్నీ అడగండి. జవాబు నచ్చకపోతే మళ్ళీ అడగండి.”

“మీరే వస్తరా?”

“వస్తాను.”

*

బుధవారం అదే గది. శ్రీవత్స వచ్చి కూర్చునేదాకా ప్రమోద నిలబడే ఉంది. కుర్చీని మళ్ళీ పేషెంట్ భుజం వెనక్కి జరిపింది.

“మొదలుపెట్టేముందు ఇంటర్‌ప్రెటర్‌గా నేనొకటి చెప్పాలి,” అని ముందు ఇంగ్లీషులోనూ, తర్వాత తెలుగులోనూ చెప్పింది. “పోయిన గురువారం డాక్టర్‌గారు అనని మాటలు నేను కలిపాను. పక్క అవయవాలకు దెబ్బ అన్నంతవరకే ఆయన మాట. గొట్టం కాలడం, సంచీ, మూడు నెలలు, అవన్నీ నావి. అది తప్పు. ఏజెన్సీకి ఈ పొద్దున రాసి పంపాను. వేరేవాళ్ళు కావాలంటే ఇప్పుడే చెప్పండి, వెళ్ళిపోతాను.”

శ్రీవత్స చేతిలో మౌస్ ఆగింది. రంగయ్య పెళ్ళాం వంక చూశాడు. వసంతలక్ష్మి మాత్రం ప్రమోద మొహాన్నే కాసేపు చూసింది, అరిసె కాలిందా లేదా అని చూసినట్టు.

“వేరేటోళ్ళెందుకు, మీరే ఉండున్రి,” అంది. తర్వాత, “అయితె అక్కా, సారు చెప్పకుంటె గవన్ని మీకెట్ల ఎరుక?”

ప్రమోద ఆ ప్రశ్నను ఇంగ్లీషులో శ్రీవత్స ముందు పెట్టింది. “దానికి ఇంటర్‌ప్రెటర్ జవాబు చెప్పకూడదు,” అని రెండు భాషల్లోనూ అంది.

వసంతలక్ష్మి స్టూల్ వైపు తిరిగింది. ఆమెకు ఇంగ్లీషు రాదు గాని మనుషులు వస్తారు.

“సారూ. మీ చేతిల ఎవలికన్న గట్లయ్యిందా?”

“డాక్టర్, మీ చేతుల్లో ఎవరికైనా అలా జరిగిందా?” అంది ప్రమోద ఇంగ్లీషులో. ఒక్క అక్షరం కలపలేదు, తీయలేదు.

“అది చాలా అరుదు. వందలో ఒకరికి, అంతకంటే తక్కువే—” అతను గోడమీది గర్భసంచి బొమ్మ వైపు చెయ్యి చూపించాడు. ప్రమోద ఆ అంకెను తెలుగులో చెప్పింది.

“నేనడిగింది అది కాదు సారూ. అయ్యిందా, కాలేదా?”

“నేనడిగింది అది కాదు, డాక్టర్,” అంది ప్రమోద. “జరిగిందా, లేదా?”

మాట వసంతలక్ష్మిది. కాని అది నాలుక మీదినుంచి దిగుతుంటే ప్రమోదకు తనదే అనిపించింది. పధ్నాలుగు నెలలుగా లాయర్ల ముందూ, ఆస్పత్రి కమిటీ ముందూ, ఈ మనిషి వాయిస్‌మెయిల్ ముందూ ఆమె అడగాలనుకున్నది ఈ నాలుగు ముక్కలే. అడిగినప్పుడల్లా ఏడుపొచ్చి ప్రశ్న సగంలోనే ఆగిపోయేది. ఇప్పుడు గొంతు నిలకడగా ఉంది.

శ్రీవత్స మొదటిసారి ఆమెను చూశాడు. ఆంటీని కాదు. ఫైలులో ఉన్న మనిషిని వెతుక్కుంటున్నట్టు చూశాడు.

“జరిగింది,” అన్నాడు. “ఒకరికి.”

“జరిగింది. ఒకరికి,” అంది ప్రమోద తెలుగులో.

“ఎన్ని దినాలకు ఎరుకైంది?”

“పదకొండు రోజులకు.”

“గన్ని దినాలెందుకు పట్టింది? ఆమె చెప్పలేదా మీకు?”

ఆ ప్రశ్నను ఇంగ్లీషులో పెడుతూ ప్రమోద పెన్ను మూత పెట్టింది. రాసుకోవాల్సిందేమీ లేదు.

“చెప్పారు,” అన్నాడు అతను. మెడ వెనక చెయ్యి వేసుకున్నాడు. “మూడుసార్లు ఫోన్ చేశారు. నేను... మామూలేనని చెప్పాను. రమ్మనలేదు. రమ్మని చూసి ఉంటే అయిదో రోజుకే తెలిసేది.” ఆగాడు. “నేను చూడలేదు.”

ఇప్పుడు అది ఆమె చెప్పాలి. అతని ‘నేను’ని తన నోట్లో పెట్టుకుని చెప్పాలి. గదిలో ముగ్గురూ ఆమె కోసం ఎదురుచూస్తున్నారు.

“చెప్పింది,” అంది ప్రమోద. “మూడుసార్లు ఫోన్ చేసింది. నేను మామూలేనన్నాను. రమ్మనలేదు. రమ్మని చూసి ఉంటే అయిదో రోజుకే తెలిసేది.” ఆఖరి ముక్క విడిగా చెప్పింది. “నేను చూడలేదు.”

వసంతలక్ష్మి తన చున్నీ అంచును వేలికి చుట్టి విప్పింది. రంగయ్య, “పోదామే?” అన్నాడు. ప్రమోద అది కూడా ఇంగ్లీషులోకి మార్చింది. అతను వింటుంటే ఆమె లోపల ఏదో ఆకలి తీరుతోంది. పో, అనుకుంది. లేచి వెళ్ళిపో. ఆ తలుపు అతని మొహాన వేసి వెళ్ళు.

“లేదు,” అంది వసంతలక్ష్మి. “సారూ, నాకు మీరే చెయ్యున్రి.”

ప్రమోద పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది.

“చెప్పక్కా.”

“నాకు ఆపరేషన్ మీరే చెయ్యండి,” అంది ప్రమోద ఇంగ్లీషులో.

“తప్పు చెయ్యనోడు ఎవడుంటడు? నాలుగు నెలలు ఆగి ఇంకొకామె దగ్గరికి పోతె ఆమె నిజం చెప్తదని ఏం నమ్మకం? ఈ సారు చెప్పిండు. ఒకసారి ఏలు కాల్చుకున్నోడు మూకుడు తాన పదిలంగుంటడు. కాని సారూ, కుట్లేసేముందు ఆ గొట్టాలు రెండూ సూసి, మంచిగున్నయని మా ఆయనకు చెప్పాలె. మీ సొంత ఫోన్ నంబరియ్యాలె. నేను చేస్తె మామూలే అనొద్దు, రమ్మనాలె. గట్లైతెనే.”

ప్రమోద ఒక్కొక్క షరతూ చెప్పింది. శ్రీవత్స ఒక్కొక్కదానికీ తలూపి, మూడూ కంప్యూటర్‌లో ఎక్కించాడు. ఒక కాగితం మీద తన నంబరు రాసి రంగయ్యకిచ్చాడు. సంతకం పెట్టేముందు పత్రం మొత్తం చదివి చెప్పమంది వసంతలక్ష్మి. నలభై నిమిషాలు పట్టింది. ఎవరూ గడియారం చూడలేదు.

*

కారిడార్‌లో అతను వెనకనుంచి వచ్చాడు.

“ఆంటీ, ఒక్క నిమిషం. ఐ యామ్ సారీ. రియల్లీ.”

ప్రమోద ఆగింది. “నేను మీకు పిన్నినీ కాదు, అత్తనీ కాదు. మీ పేషెంట్‌ని.”

“ఐ నో.”

“లోపల మీరన్నది నేను బయట ఎక్కడా చెప్పలేను. చెబితే నా సర్టిఫికెట్ పోతుంది. అది మీకూ తెలుసు. తెలిసే చెప్పారా?”

బహుశా ఆ ఆలోచన అతనికి రాలేదు. బహుశా వచ్చింది. ఆమెకు ఏదైనా ఒకటే.

“సారీ నాకొద్దు. నా రికార్డులో ‘పేషెంట్ స్వల్ప ఇబ్బంది ఉన్నట్టు తెలిపారు, విశ్రాంతి సూచించడమైనది’ అని రాశారు. ఆ పక్కన ఇప్పుడన్నది రాయండి.”

తిరిగి చూడకుండా లిఫ్టు దాకా నడిచింది.

ఏజెన్సీ ఆమెను మూడు నెలలు పనినుంచి తప్పించింది. ఆ లెటర్ శుక్రవారం ఉదయం వచ్చింది. అదే సాయంత్రం ఆస్పత్రి వెబ్‌సైటులో ఆమె రికార్డుకి కొత్త ముక్క చేరినట్టు కబురొచ్చింది. తెరిచింది. మూడే వాక్యాలు. ఆపరేషన్ తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిది రోజుల్లో పేషెంట్ ఫోన్ చేసి నీరు కారుతోందని చెప్పారు. నేను ఆమెను పిలిపించి పరీక్షించలేదు. పరీక్షించి ఉండాల్సింది. కింద శ్రీవత్స పేరు, తేదీ.

రాజగోపాల్ ఆమె భుజం మీదుగా చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

“రాశాడే! లాయర్‌ని అడగకుండా రాసుంటాడు, పిచ్చివాడు. ఇంక నీ మనసు కుదుటపడిందా?”

ప్రమోద ప్రింటు తీసింది. ఆ రోజు ఇంకేమీ చెయ్యలేదు.

వసంతలక్ష్మి ఆపరేషన్ సోమవారం జరిగింది. సాయంత్రం రంగయ్య ఫోన్ చేశాడు. ఆ శనివారం వెళ్తూ ఆమె మిఠాయి కొన్న బిల్లు మీద నంబరు ఉందట, అది పట్టుకున్నాడు. “మంచిగైంది మేడం. గొట్టాలల్ల రంగునీళ్ళు పంపి సూసిండంట. సారే బయటికొచ్చి, రెండు మంచిగున్నయ్ అంకుల్ అని తెలుగుల చెప్పిండు.” శుక్రవారం మళ్ళీ చేశాడు. నాలుగో రోజు వాళ్ళు ఫోన్ చెయ్యకముందే డాక్టరే చేశాడట. పొడిగానే ఉందా, జ్వరముందా, వీపు నొప్పుందా అని ఒక్కొక్కటీ అడిగాడట. తెలుగు సరిగ్గా రాక రెండుసార్లు అడిగాడట. రంగయ్య అది చెబుతూ నవ్వాడు.

“పదకొండో రోజు దాటాక నాకొకసారి చెప్పండి,” అంది ప్రమోద.

పదకొండు దాటింది. పన్నెండోనాడు వసంతలక్ష్మే మాట్లాడింది. ఐసు తినబుద్ధి కావడం లేదంది. ప్యాంటు ఉతికి పెట్టానంది.

ఆ ఆదివారం ప్రమోద భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. డాక్టర్ల మీద ఫిర్యాదులు తీసుకునే రాష్ట్ర బోర్డు ఫారం. పేరు, తేదీలు, ఆస్పత్రి. మొదటి ఫోన్ ఏ రోజు, ఎన్ని గంటలకు. రెండోది. మూడోది. ఆమెకు ఏదీ వెతుక్కోవాల్సిన పనిలేదు.

రాజగోపాల్ కంచం ముందు కూర్చుని ఆ తెర వంక చూశాడు.

“ఇదేంటి? అతను ఒప్పుకున్నాడు. రాసిచ్చాడు. ఆవిడకి చక్కగా చేశాడు. మారాడు కదా ప్రమోదా.”

“మారాడు.”

“మరి?”

“ఆవిడ అదృష్టం. నా పదకొండు రోజులు నావే.”

“నువ్వడిగావనే అతను రాసింది. క్షమాపణ అనుకుని రాశాడు. దాన్నే పట్టుకుని అతన్ని—”

“నేను క్షమాపణ అడగలేదు. రాయమన్నాను. ఏమీ దాచలేదు, అతని మొహాన్నే చెప్పాను.”

అతను తెరమీంచి చూపు తిప్పి అన్నం కలుపుకోసాగాడు.

ఆమె మూడు వాక్యాలున్న ఆ కాగితాన్ని స్కాన్ చేసి ఫారానికి జతచేసింది. బుధవారం గదిలో విన్నదాని గురించి ఒక్క మాట రాయలేదు. అక్షరదోషాలున్నాయేమోనని మొదటినుంచీ ఒకసారి చదువుకుంది. ఒకచోట తేదీ తప్పు పడితే దిద్దింది. ఫిర్యాదు చేసినవారి పేరు డాక్టర్‌కి తెలియజేయవచ్చా అని ఆఖర్న అడిగారు. తెలియజేయమంది. పంపించింది.

అందినట్టు ఒక నంబరు వచ్చింది. దాన్ని కాగితం మీద రాసుకుని, ప్రింటుతో కలిపి మడిచి, లాప్‌టాప్ మూసింది.

“పెరుగు వెయ్యనా?” అంది.